ముళ్ళమ్మాయి పొదలు

రీసెర్చి చేసే ఆ పిల్లను కాలేజీలో అందరూ ముళ్ళమ్మాయి అనేవారు. ఊరి చివర, బల్లులు కూడా గొడుగు వేసుకుని తిరిగే బీడులో, అంతరించిపోతున్న ఒక ముళ్ళపొదను ఆమె మళ్ళీ పెంచుతోంది. మొదటి ఏడాది నీళ్ళు పోస్తే మొక్కలు ఏపుగా లేచాయి గానీ, వేళ్ళు పైపైనే ఉండిపోయి, ఎండలు ముదరగానే చచ్చాయి. ఈసారి వాన నీటికే వదిలేసింది. వేసవికి ఆకులన్నీ రాలి పుల్లలు మిగిలాయి.

మర్నాడు ఆ నేల ఆమెకు ఉంచాలో లేదో తేల్చే కాలేజీ కమిటీ వస్తుందనగా, ఆమె ప్రొఫెసరు నీళ్ళ ట్యాంకరు పంపాడు. ఆమె గేటుకు తాళం వేసి అడ్డంగా కూర్చుంది.

"పోయించుకో తల్లీ, నాలుగు చిగుళ్ళైనా కనబడతాయి. ఈ పుల్లల్ని చూస్తే నేల లాగేసుకుంటారు. నీ డిగ్రీ కూడా దాంతోనే పోతుంది," అన్నాడాయన ఫోన్లో.

"పోనివ్వండి సార్. ముస్తాబు చేసి చూపించడానికి ఇవేం పెళ్ళికూతుళ్ళు కావు."

ట్యాంకరు వచ్చిన దారినే వెళ్ళింది.

మర్నాడు కమిటీ పెద్దాయన ఒక పుల్లను బూటుతో కదిపి, "పొయ్యిలోకి బాగా పనికొస్తాయమ్మా," అన్నాడు.

ఆమె పార తెచ్చి ఆయన చేతికిచ్చింది. "ఈ ఒక్కదాన్ని వదులుకుంటాను. వేరు చివరిదాకా తవ్వి చూడండి. చచ్చిందని తేలితే మిగతావన్నీ నేనే పీకేస్తా."

పెద్దాయన పంతానికి కోటు విప్పాడు. నడుం లోతు దాటి మెడ లోతు తవ్వినా, వేరు తెల్లగా, తడిగా ఇంకా కిందికే పోతోంది.

"నేల నీదేలే, ముందు నన్ను పైకి లాగు," అన్నాడాయన గోతిలోంచి.

"చివర ఇంకా రాలేదుగా సార్," అంది ముళ్ళమ్మాయి చేతులు కట్టుకుని.