మా సూరి నేర్చుకున్న జారుముడి

నిన్న పొద్దున్న మా ఆయనకి క్యారేజీ సర్దుతున్నాను. కళింగపట్నం నుంచి ఫోన్. మా తమ్ముడి పక్కింటాయన.

మా సూరి లేడట.

వేట నుంచి వచ్చి, కూతుర్ని స్కూల్ వ్యాన్ ఎక్కించి, వల బాగు చేసుకుంటూ గుమ్మంలోనే ఒరిగిపోయాడట. హార్ట్ ఎటాక్ అన్నారు.

మొన్ననే వీడియో కాల్‌లో నవ్వుతూ మాట్లాడాడు. కొత్తవలస నుంచి వెళ్ళి వాడిని చూసేదాకా నేను నమ్మలేదు. చూశాక కూడా నమ్మబుద్ధి కావడం లేదు.

వాడి గురించి నాలుగు మాటలు రాయకపోతే నాకు ఊపిరాడేలా లేదు.

సూరి జన్మలో బూట్లు తొడిగి ఎరగడు. తన పెళ్ళిలో కూడా చెప్పులే. అలాంటివాడికి కూతురు హాసిని బూట్ల డ్యూటీ పడింది.

వాడు తెల్లారేసరికి ఒడ్డుకి వస్తే, ఆ చేపలు గంపకెత్తుకుని మా మరదలు లక్ష్మి మొదటి ఆటోకే శ్రీకాకుళం మార్కెట్‌కి వెళ్ళిపోయేది. ఇక పిల్లకి జడలు, టిఫిన్, బూట్లు అన్నీ వీడే.

ఎల్‌కేజీలో మొదటి రోజు బూట్ల లేసులకి వల ముడి వేసి పంపాడు. వాడికి వచ్చిన ముడి అదొక్కటే. లాగేకొద్దీ బిగుసుకునే పీటముడి.

ఆరోజు వాన. బూట్లు తడిసి ముద్దయ్యాయి. టీచర్ వల్ల కాలేదు, ఆయా వల్ల కాలేదు. పిల్ల సాయంత్రం దాకా ఆ తడి బూట్లతోనే కూర్చుంది.

ఇంటికొచ్చాక వల కోసే కత్తితో లేసులు తెంపాడు. చూస్తే పాదాలు నానిపోయి, మడమల దగ్గర బొబ్బలు.

పిల్ల ఏడవలేదు. వీడు ఏడ్చాడు. నాకు ఫోన్ చేసి, "నా సేతుల్తో నానే కట్టేసినానప్పా" అన్నాడు. మా వైపు అక్కని అప్పా అంటాం.

అప్పుడు వీడియో కాల్‌లో వాడికి జారుముడి నేర్పాను. ఇక్కడ మా అబ్బాయి బూటు నా ఒళ్ళో, అక్కడ హాసిని బూటు వాడి ఒళ్ళో. ఫోన్ ఐస్ బాక్స్‌కి ఆనించి పెట్టుకున్నాడు. సముద్రంలో అంత మొనగాడు, ఆ లేసుని రెండు చెవుల్లా మడిచి తిప్పడానికి చెమటలు కక్కాడు.

ఎలాగో వేశాక దాన్ని అనుమానంగా చూశాడు.

"లాగితే ఊడిపోద్ది. ఇదేటి ముడప్పా?"

"పిల్ల కాలికి అలాగే ఉండాలిరా" అన్నాను.

ఇక ఏ తాడు దొరికితే ఆ తాడు మీద ప్రాక్టీస్. ఒకరోజు ఏ ధ్యాసలో ఉన్నాడో, పడవ తాడుకి కూడా జారుముడి వేసి ఇంటికొచ్చేశాడు. పడవ తన దారిన తాను వంశధార సముద్రంలో కలిసే మొగ వైపు కొట్టుకుపోతుంటే కుర్రాళ్ళు ఈదుకెళ్ళి పట్టుకొచ్చారు. ఆరోజు నుంచి పేటంతటికీ వాడు బూట్ల సూరే.

వాడికి కోపం రాలేదు. నాకు తనే చెప్పుకుని పడీపడీ నవ్వాడు.

ఆ తర్వాత పిల్లకి తనే నేర్పాడు. వేట నుంచి రావడం ఆలస్యమైన రోజున తన బూట్లు తనే కట్టుకోవాలి కదా అనేవాడు. ఇప్పుడది ఐదో తరగతి. చూడకుండానే కట్టేస్తుంది.

నిన్న స్కూల్ నుంచి తీసుకొచ్చేసరికి ఇంటి ముందు జనం. గుమ్మం దగ్గర ఒక్క లాగుతో లేసులు విప్పేసి, బూట్లు విడిచి లోపలికి పరిగెత్తిందట.

మధ్యాహ్నం వాడికి స్నానం చేయించి, కొత్త పంచె కట్టి, కాలి బొటనవేళ్ళు రెండూ కలిపి కట్టడానికి తెల్లదారం తెచ్చారు. మా పెద్ద చిన్నాన్న కట్టాడు. ఆయనదీ వలలు అల్లిన చెయ్యే. అలవాటుగా పీటముడి పడింది.

హాసిని వాళ్ళ నాన్న కాళ్ళ దగ్గరికి వచ్చి కూర్చుంది.

"అలగ కట్టకు తాతా. నొప్పెడతాది."

చిన్నాన్నే ఆ దారం తెంపేసి, ఇంకో దారం దాని చేతికిచ్చాడు.

రెండు చెవులు తిప్పింది. మెల్లగా బిగించింది. వేలు దూర్చి చూసుకుంది, వాడు దాని బూట్లకి చూసినట్టే.

"లాగితే వచ్చేస్తాది నాన్నా" అంది.

నేను అక్కడ నిలబడలేకపోయాను.

సూరీ, నీ కూతురు కట్టిన ముడితో వెళ్ళావు. ఏ నొప్పీ లేకుండా, ఏ బిగువూ లేకుండా హాయిగా నిద్రపోరా తమ్ముడూ.

మీ అప్ప.