గ్రానీ సోమవారం వేపుడు

పోయిన థాంక్స్‌గివింగ్‌కి కమ్మింగ్ నుంచి మోరిస్‌విల్ దాకా డ్రైవ్ చేసుకుని మా అమ్మాయి ఇంటికి వెళ్లాం. పండగ భోజనం దాని స్నేహితులతో కలిసి సందడిగా జరిగింది. మర్నాడు పొద్దున నేను కాఫీ కప్పుతో వంటింట్లోకి వెళ్లేసరికి అది ఫ్రిజ్‌లోని డబ్బాలన్నీ దింపి గట్టు మీద పెట్టుకుంది. ఒకదాంట్లో మెదిపిన బంగాళదుంప, ఒకదాంట్లో గోలీలంత ఉండే చిట్టి క్యాబేజీలు, ఇంకోదాంట్లో క్యారెట్టూ బఠాణీలూ. అన్నీ ఒక గిన్నెలో వేసి చేత్తో కలిపి, పెనం మీద వెన్న కరిగించి, దిబ్బరొట్టెలా మందంగా అదిమింది. కాసేపటికి అంచుల చుట్టూ బుడబుడ మొదలైంది. తర్వాత లోపల్నుంచి సన్నగా కీచుమంది. ఆ చప్పుడు విని ఇరవై ఏళ్లు దాటింది. వాసన కంటే ముందు ఆ చప్పుడే నన్ను ప్లెయిన్స్‌బరోలో మేమున్న పాత అపార్ట్‌మెంట్ మెట్ల మీద నిలబెట్టింది.

మా అమ్మాయి రూమ్మేట్ కూడా తెలుగు పిల్లే. ఇదేం వంట అంకుల్ అని అడిగింది. నాకు హుషారొచ్చింది. ఈ వంట మీద నా దగ్గర ఒక కథ ఉంది. తలా ఒక వంట తెచ్చుకుని కలిసి తినే పాట్‌లక్‌లు ఎన్నింటిలోనో చెప్పి జనాన్ని నవ్వించిన కథ. గుడ్డు కూడా ముట్టని మా ఇంటికి ఒక ఇంగ్లిష్ ముసలావిడ నెలల తరబడి పంది కొవ్వుతో వేయించిన వేపుడు తినిపించిందనీ, మా అత్తగారు దాన్ని లొట్టలేసుకుంటూ తిన్నారనీ, నేను సమయానికి కనిపెట్టి అందరినీ కాపాడాననీ ఆ కథ. ఆ పొద్దున కూడా యథాప్రకారం చెప్పాను. మా అమ్మాయి వింటుండగా చెప్పడం మాత్రం అదే మొదటిసారి. రూమ్మేట్ నవ్వింది. మా అమ్మాయి నవ్వలేదు. అట్లకాడ పట్టుకుని నా వైపు తిరిగి, రెండు మాటల్లో నా కథనంతా తలకిందులు చేసేసింది. ఆ మాటలేమిటో చెప్పాలంటే ముందు అసలు జరిగినది జరిగినట్టు చెప్పాలి. ఆనాటి ప్లెయిన్స్‌బరో వాళ్లు ఎవరైనా ఇది చదివితే, నా నోట విన్న పాత కథను దయచేసి మరిచిపోండి.

అప్పట్లో మాది రెండో అంతస్తు. సరిగ్గా మా కింద ఆ ఇంగ్లిష్ ఆవిడ ఉండేది. ఎప్పుడో పడుచు వయసులో ఒక అమెరికన్‌ని పెళ్లి చేసుకుని ఈ దేశం వచ్చింది. ఆయన పోయాక ఒక్కతే ఉంటోంది. ఏళ్లు ఎన్ని గడిచినా టీ విషయంలోనూ, వాతావరణాన్ని తిట్టే విషయంలోనూ పుట్టిన ఊరిని వదల్లేదు. నేనూ మా ఆవిడా ఇద్దరం ఉద్యోగాలకు పోయేవాళ్లం. స్కూల్ బస్ దిగిన మా అమ్మాయిని మా ఆవిడ వచ్చేదాకా ఆవిడే చూసుకునేది. డబ్బిస్తామంటే వద్దంది, దానికి బదులు అప్పుడప్పుడు పులిహోర ఇమ్మంది. మా అమ్మాయి గ్రానీ అంటే చుట్టుపక్కల తెలుగు పిల్లలందరికీ కూడా ఆవిడ గ్రానీయే అయింది. బిస్కెట్ల డబ్బా కోసం సాయంత్రాలు ఆ గుమ్మం దగ్గర చెప్పుల గుట్ట ఉండేది.

గ్రానీకి సోమవారం వంట అంటే ఒకటే. ఆదివారం ఘనంగా భోజనం చేసుకుని, మిగిలిన దుంపలూ క్యాబేజీ సోమవారం కలిపి వేయించుకోవడం. వాళ్ల ఊళ్లో ఇంటింటా అదేనట. దాని పేరు బబుల్ అండ్ స్క్వీక్. పెనం మీద ముందు బుడబుడమని, తర్వాత కీచుమంటుంది కాబట్టి ఆ పేరు. వంటకి ఇంత నిజాయితీగా పేరు పెట్టిన వాళ్లని నేను ఇంకెక్కడా చూడలేదు.

ఒక ఏడాది వేసవిలో మా అత్తగారు ఆరు నెలలుండడానికి వచ్చారు. సూట్‌కేస్‌లో పచ్చళ్ల మధ్య పాత చీర చుట్టి, ఇనప దోసె పెనం ఒకటి తెచ్చుకున్నారు. ఇక్కడి పెనాల మీద అట్టు అట్టులా రాదని ఆవిడ నమ్మకం. ఎయిర్‌పోర్ట్‌లో కస్టమ్స్ ఆఫీసరు ఆ పెనాన్ని అటూ ఇటూ తిప్పి, ఆయుధమా అన్నట్టు చూశాడట. ఆవిడ తొణక్కుండా చేత్తో అట్టు తిరగేసినట్టు అభినయించి చూపిస్తే వదిలేశాడట. పరాయి ఇళ్లలో మంచినీళ్లు కూడా ఆలోచించి తాగే మనిషి. నిన్నటి కూర అల్లుడికి వడ్డించడం ఆవిడ దృష్టిలో నేరం. పారేయడం అంతకంటే పెద్ద నేరం. ఈ రెండింటి మధ్య మా ఫ్రిజ్ ప్రతి ఆదివారం నిండిపోతూ ఉండేది.

మనవరాలు ఒక సోమవారం ఆవిడ చెయ్యి పట్టుకుని కిందకి తీసుకెళ్లింది. ఆవిడకి ఇంగ్లిష్ రాదు. గ్రానీకి తెలుగు రాదు. అయినా వారం తిరక్కుండా మా అత్తగారు ఆవిడని వదినా అనడం మొదలెట్టారు. గ్రానీ ఆ మాట పట్టుకుని ఈవిడని వాడినా అనేది. అలా ఇద్దరూ ఒకరికొకరు వదినలే అయ్యారు. ప్రతి సోమవారం మా ఆదివారం బంగాళదుంప వేపుడూ, క్యాబేజీ పెసరపప్పు కూరా కిందకి దిగేవి. సాయంత్రం నా వాటా ముక్క ఫాయిల్‌లో చుట్టి పైకి వచ్చేది. పైన ఎర్రటి మాడు, లోపల మెత్తన, మధ్యలో ఆవాలూ పచ్చిమిర్చీ తగిలేవి. నిన్నటి కూరే కదా అత్తయ్యగారూ అంటే, "నిన్నటిది కాదు బాబూ, ఇప్పుడే చేశాం" అనేవారు. ఇంకో మాట కూడా ఇప్పుడు గుర్తొస్తోంది. మంగళవారం పొద్దున మా ఇంట్లో అట్లకి కొద్దిగా క్యాబేజీ వాసన ఉండేది. ఎందుకో నేనెప్పుడూ అడగలేదు.

అక్టోబర్‌లో ఒక సాయంత్రం నేను తొందరగా ఇంటికొచ్చి, మా అమ్మాయిని తీసుకురావడానికి కిందకి వెళ్లాను. గ్రానీ లోపలికి రమ్మంది. పొయ్యి పక్కన ఒక గాజు సీసా ఉంది. అందులో తెల్లగా పేరుకున్న కొవ్వు. ఇక్కడి ఇళ్లలో బేకన్, అంటే పంది మాంసం, వేయించాక వచ్చే కొవ్వుని అలా సీసాలో దాచుకుంటారని నాకు తెలుసు. నెలల తరబడి తిన్న ముక్కలన్నీ ఇందులో వేయించినవే అనుకున్నాను. నాకంటే ముందు అత్తగారు గుర్తొచ్చారు. ఆవిడకి తెలిస్తే ఏమైపోతారో అని భయం వేసింది. పిల్లని తీసుకుని, థ్యాంక్యూ చెప్పి, నవ్వుతూనే బయటికొచ్చాను.

రాత్రి మా ఆవిడతో చెబితే, "ఒక్క మాట అడగొచ్చుగా" అంది. నిజమే, మెట్లు దిగి అడిగితే నిమిషం పని. కానీ అంత పెద్దావిడని, పైసా తీసుకోకుండా మా పిల్లని చూసుకునే మనిషిని, మాకు పంది కొవ్వు పెట్టావా అని ఎలా అడగడం? మొహమాటం. ఆ మొహమాటం ఎంత చిత్రమైందంటే, ఆవిడ ఒక్కదాన్ని అడగడానికి అడ్డొచ్చింది గానీ, ఆ శనివారం పాట్‌లక్‌లో పదిళ్ల వాళ్ల ముందు చెప్పడానికి అడ్డు రాలేదు. పిల్లలు అక్కడ తింటున్నారు కాబట్టి హెచ్చరిస్తున్నాననుకున్నాను. చెబుతుంటే అందరూ నోళ్లు తెరుచుకుని వినడం నాకు బాగానే ఉందన్నది కూడా నిజం.

ఇంట్లో మాత్రం కథ వేరుగా చెప్పాను. గ్రానీకి ఒంట్లో బాగాలేదట, కొన్నాళ్లు ఎవరినీ రావద్దందట అని అత్తగారితోనూ పిల్లతోనూ అన్నాను. పిల్లని స్కూల్లోనే సాయంత్రం దాకా ఉంచే ఏర్పాటు చేశామని గ్రానీకి చెప్పాను. ఆవిడ తలూపి, వదిన సోమవారం వస్తుందా అని అడిగింది. చూద్దాం అన్నాను. అత్తగారు ఆ సోమవారం ఫ్రిజ్ తలుపు తెరిచి కాసేపు నిలబడి, మళ్లీ మూసేశారు. ఆవిడకి జ్వరమేమో, మిరియాల చారు పెట్టి ఇచ్చి వస్తానంటే వద్దన్నాను. ఆ తర్వాత ఆవిడ ఆ ఊసు ఎత్తలేదు.

ఆ నెలాఖరున, పిల్లలు వేషాలేసుకుని ఇంటింటికీ వెళ్లి చాక్లెట్లు అడిగే హాలోవీన్ వచ్చింది. గ్రానీ తలుపు బార్లా తీసి, ఒళ్లో గిన్నె నిండా చాక్లెట్లు పెట్టుకుని గుమ్మంలో కుర్చీ వేసుకుని కూర్చుంది. మన పిల్లలు పులులూ, రాజకుమార్తెలూ అయి గుంపుగా వచ్చి, తల్లులు చెయ్యి పట్టి లాగితే ఆ గుమ్మం దాటి పక్క గుమ్మానికి వెళ్లిపోయారు. నేను అప్పుడే ఆఫీస్ నుంచి వస్తున్నాను. ఆవిడ నన్ను చూసి, ఈ ఏడాది పిల్లలు తక్కువగా ఉన్నారేం అంది. అవునండీ అని గబగబా మెట్లెక్కేశాను.

అత్తగారు డిసెంబరులో ఇండియా వెళ్లిపోయారు, పెనంతో సహా. ఆ శీతాకాలం మంచు బాగా పడింది. గ్రానీ ఇంటి వెనక కొక్కేనికి ఏవో తెల్లటి ఉండలు వేలాడుతుంటే వాటి కోసం ఎర్రటి పిట్టలు వచ్చి వాలేవి. తెల్లటి మంచులో ఆ ఎరుపు ఎంతో బాగుండి, పైనుంచి ఫొటోలు తీసి అందరికీ పంపించాను. వసంతం రాగానే గ్రానీ ఇల్లు ఖాళీ చేసి అరిజోనాలో చెల్లెలి దగ్గరికి వెళ్లిపోయింది. పెట్టెలు ట్రక్కులోకి ఎక్కించడానికి సాయం పట్టాను. ఆ మాత్రం మర్యాద నాకుంది కదా. వెళ్లే ముందు ఆవిడ నా చెయ్యి పట్టుకుని, "వదినకి చెప్పు. తను చేస్తే వచ్చే ఆ మాడు నాకు రావడం లేదు" అంది. తప్పకుండా చెబుతానన్నాను. చెప్పలేదు.

ఇదీ జరిగింది. ఇంక మోరిస్‌విల్ వంటింట్లో మా అమ్మాయి అన్న మాట.

"డాడీ, ఆ సీసా బర్డ్స్ కోసం" అంది.

ఏ బర్డ్స్ అన్నాను. "ఆ ఫ్యాట్‌లో సీడ్స్ కలిపి బాల్స్ చేసి బయట హ్యాంగ్ చేస్తారు. ఫస్ట్ వింటర్ గ్రానీతో నేనే చేశాను. మనకి చేసేది అందులో కాదు. అసలు ఆ పాన్ గ్రానీది కూడా కాదు, అమ్మమ్మ పెనం. టవల్‌లో చుట్టుకుని కిందకి తీసుకెళ్లేది. నెయ్యి కూడా మనదే. అమ్మమ్మ పక్కనే నిలబడేది కదా, తెలియకుండా ఎలా ఉంటుంది?"

మరి అప్పుడే చెప్పలేదే అంటే, "నువ్వు అడగలేదుగా. గ్రానీకి బాగాలేదు అన్నావు, నేను నమ్మాను" అంది. అందులో దెప్పడం ఏమీ లేదు. మళ్లీ పొయ్యి వైపు తిరిగింది. నా ముక్క పళ్లెంలో పెట్టి ఇచ్చింది. బాగానే ఉండి ఉంటుంది, నాకు రుచి తెలియలేదు. క్యాబేజీ వాసన వేసిన మంగళవారం అట్లే గుర్తొస్తున్నాయి.

ఇంటికొచ్చాక అత్తగారికి వీడియో కాల్ చేశాను. విజయవాడలో మా బావమరిది ఇంట్లో కూర్చుని చిక్కుడుకాయలు ఈనెలు తీస్తున్నారు. సీసా చూడడం దగ్గర్నుంచి మొత్తం చెప్పాను. ఆవిడ మధ్యలో ఒక్కసారి కూడా నన్ను ఆపలేదు. కాయలు ఒలవడం మాత్రం ఆపారు. అంతా అయ్యాక, "అయితే పచ్చిమిర్చి వల్ల కాదన్నమాట" అన్నారు.

నాకు అర్థం కాలేదు. ఆఖరి సోమవారం ఆవిడ చెయ్యి జారి పచ్చిమిర్చి ఎక్కువ పడిందట. గ్రానీకి దగ్గొచ్చి కళ్లంట నీళ్లు కారాయట. నవ్వుతూనే మంచినీళ్లు తాగిందట. మరుసటి వారమే నేను, ఆవిడ ఎవరినీ రావద్దందని చెప్పాను. ఒంట్లో బాగాలేదన్నది వంకేనని అత్తగారు అప్పుడే కనిపెట్టారు. కాకపోతే ఆ వంక గ్రానీది అనుకున్నారు. "అప్పట్నుంచి ఎవరికి పెట్టినా కారం ఒక పాలు తగ్గించే వేస్తున్నాను బాబూ" అన్నారు. వయసు మీద పడ్డాక అత్తగారి వంట చప్పబడిపోయిందని ఇంటిల్లిపాదీ ఆట పట్టిస్తాం. అందరికంటే ఎక్కువ ఆట పట్టించేది నేను.

అప్పుడు గ్రానీ చెప్పమన్న మాట చెప్పాను. అత్తగారు మొహం తెర దగ్గరికి తెచ్చి, మాడు రావడం లేదనా అంది అని మళ్లీ అడిగి చెప్పించుకున్నారు. తర్వాత నవ్వారు. "రాదు మరి. ఊరికే కదిపేస్తుంది. ఓపిక లేదు. పెనం మీద వేశాక ముట్టుకోకు వదినా అని ఎన్నిసార్లు చెప్పానో." తెలుగులోనే చెప్పి ఉంటారు. గ్రానీ ఇప్పుడెక్కడుందో అని అడిగారు. తెలియదన్నాను. గ్రానీకి అప్పటికే డెబ్భై దాటాయి. ఇద్దరం లెక్క వేసుకున్నాం గానీ, పైకి అనలేదు. "నన్నడిగినా చెప్పేదాన్ని కదా" అని మాత్రం అన్నారు, చిక్కుడుకాయలు మళ్లీ చేతిలోకి తీసుకుంటూ.

ఆ సోమవారం, ముందురోజు మిగిలిన దుంపలూ క్యాబేజీ కలిపి, పచ్చిమిర్చి దండిగా వేసి, నేనే పొయ్యి దగ్గర నిలబడ్డాను. బుడబుడమంది, కీచుమంది, చెయ్యి లాగుతున్నా ముట్టుకోలేదు. మాడు ఎర్రగా, గ్రానీకి చూపించాలనిపించేలా వచ్చింది. కదపకుండా వదిలేయడం నాకు ఎప్పుడూ బాగా వచ్చు. ఇరవై ఏళ్లూ నాకు చేతకానిది తిరగేసి చూడడమే.