వేడి సమోసాల మీద మూత పెట్టేశాను

ఈ రోజు మా ఊరి లైబ్రరీలో అమెరికా విప్లవం మీద ఒక ప్రొఫెసర్‌గారి ఉపన్యాసం. ఇక్కడ అమెరికాలో రాజ్యాంగానికి రెండు వందల ఏళ్ళు నిండాయని ఈ ఏడాదంతా ఇవే ఉపన్యాసాలు. సమోసాల ఆర్డర్ మా కొట్టుదే కాబట్టి నేనూ మా ఆవిడా వెనక నిలబడి విన్నాం. స్వేచ్ఛ కోసం పోరాడిన ఒక దొరగారి గురించి గంటసేపు చెప్పాడు. ఆయన గుర్రం పేరు కూడా చెప్పాడు, ఎంత శ్రద్ధో!

చివర్లో ఒక నల్లజాతి పెద్దావిడ లేచింది. "మా పూర్వీకులు ఆ దొర ఎస్టేట్‌లోనే బానిసలు. ఆ గుర్రాన్ని తోమినవాడి పేరేంటండీ?"

నిర్వాహకురాలు గబగబా చప్పట్లు కొట్టింది. "మంచి ప్రశ్న! ఇక సమోసాలు తిందామా?"

నాకు ఒళ్ళు మండింది. ట్రే మీద మూత పెట్టేశాను. "ఇంకా వేడెక్కలేదు మేడమ్, పది నిమిషాలు పడుతుంది. ఈలోగా జవాబు చెప్పించండి."

"ఏమండీ, పొగలు కక్కుతుంటే వేడెక్కలేదంటారేంటి?" అని మా ఆవిడ తెలుగులో గొణిగింది.

"నువ్వుండవే!"

ప్రొఫెసర్ రెండుసార్లు నీళ్ళు తాగి, "వాళ్ళ పేర్లు నేను వెతకలేదండీ" అన్నాడు.

"అయితే వెతికాక పిలవండి, మళ్ళీ వస్తాను" అని ఆ పెద్దావిడ కూర్చుంది.

సమోసాలన్నీ మూత కింద ఆవిరికి మెత్తబడిపోయాయి, కొట్టుకి చెడ్డపేరని మా ఆవిడ ఇంకా సాధిస్తోంది. మీరైతే మూత తీసేవారా, చెప్పండి?