పెత్రమాసనాడు చెప్పిన పేరు

ఆ పాటగాడి గొంతు మా ఇంటికి బోధన్ బస్సులో వచ్చింది. చెరుకు తోటల మధ్య నుంచి రోజూ నిజామాబాద్ కాలేజీకి వచ్చే దోస్తు ఒకడు ఆ కేసెట్ ఇచ్చాడు. అన్నీ ఇంగ్లీషు పాటలు. సగం మాటలు అర్థం కాలేదు గానీ ఆ అరుపు మాత్రం నా కోసమే అన్నట్టుండేది. అప్పుడు నేను ఇంటర్ తప్పి ఉన్నాను. తప్పినవాడికి లోకమంతా శత్రువే కదా!

అమ్మను మేం అవ్వ అని, నాన్నను బాపు అని పిలుస్తాం. అవ్వ ఒళ్లో చాట పెట్టుకుని అరుగు మీద బీడీలు చుట్టేది. నేను గదిలో గొళ్ళెం వేసుకుని టేపురికార్డర్ మోగించేవాణ్ణి.

"గా పిలగాడు గట్ల ఒర్రుతుండేందిరా? తిన్నవా అని అడిగేటోళ్లు లేరా?" అనేది. నాకు ఒళ్లు మండేది.

నిజానికి ఆ పాటగాడు అప్పటికే లేడు. ముప్పై నిండకుండానే, మనసు బాగాలేక, తన ప్రాణం తానే తీసుకున్నాడు. ఆ సంగతి అవ్వకు తెలిస్తే నన్ను చూసి భయపడుతుందని దాచాను. "మంచిగున్నడా గా పిలగాడు?" అని అడిగినప్పుడల్లా "మంచిగనే ఉన్నడే" అనేవాణ్ణి.

ఒకరోజు చూస్తే తలుపుకు గొళ్ళెం లేదు. "తుప్పు పట్టింది, పీకేసిన" అంది. మూడు రోజులు ఆమెతో మాట్లాడలేదు. మొండితనంలో నన్ను మించినవాడు మా వాడలో లేడు.

తర్వాత పాసయ్యాను, ఉద్యోగం దొరికింది. గిటార్ కూడా కొన్నాను. ఆడలేక మద్దెల ఓడన్నట్టు, తీగలు మంచివి కావని మూలన పెట్టాను. ఇప్పటికీ వేల్పూర్ వైపు పసుపు చేల మధ్య బండి మీద పోతుంటే ఆ పాటలే నోట్లో ఆడతాయి.

పెత్రమాసకు పోయినవాళ్ల పేరున బియ్యం, కూరగాయలు అయ్యగారికి ఇవ్వడానికి అవ్వ ఏటా ఒక్కతే గుడికి పోయేది. ఈసారి మోకాళ్ల నొప్పులని నన్ను తోడు రమ్మంది. బాపుకు ఒక విస్తరి, తాతకు ఒకటి, నాయనమ్మకు ఒకటి సర్దింది. పక్కన నాలుగోది.

"గిదెవరికే?"

"నీ పాటల పిలగానికి. ఏటేటా ఇస్తున్న. పేరే నాకు నోరు తిరగదు. ఇయ్యాల నువ్వున్నవ్, చెప్పు."

"ఆయన పోయిండని నీకెట్ల ఎరుక?"

"కేసెట్టిచ్చిన నీ దోస్తే చెప్పిండు, నువ్వు ఫేలైన ఏడు. గందుకే గా గొళ్ళెం పీకేసిన."

అంటే, అంతా తెలిసి కూడా మంచిగున్నడా అని అడుగుతూనే వచ్చింది. ఎవరి గురించి అడిగిందో నాకు ఇన్నేళ్లకు తెలిసింది. ఏడుపొచ్చింది. ఆపుకోలేదు.

అయ్యగారు పేరు అడిగితే చెప్పాను. ఆయన రెండుసార్లు తడబడి మూడోసారి సరిగ్గా పలికారు. గోత్రం అడిగారు.

"మా గోత్రమే చెప్పుండ్రి అయ్యగారు," అంది అవ్వ. "మా ఇంట్లనే పెరిగిండు."