ఒక్క దేవుడి వదిన

డిసెంబరు తెల్లవారుజామున సికింద్రాబాద్ స్టేషన్ ముందు నిలబడితే ఊరు ఇంకా పూర్తిగా తయారు కానట్టు కనిపిస్తుంది. మంచులో హెడ్‌లైట్లు వస్తుంటాయి, వాటి వెనక ఆటోలు ఉన్నాయో లేదో తెలియదు. టీ కొట్టు దగ్గర ఆవిరి ఉంటుంది, మనిషి కనపడడు, "ఎన్ని చాయ్‌లు?" అని గొంతొక్కటే అడుగుతుంది. ఆ మంచులోంచి పాతికమంది దాకా ఆడపిల్లలు ఒకే రంగు స్వెట్టర్లలో నడిచి వచ్చారు. నిద్ర ఇంకా వదలలేదేమో, అడుగుల చప్పుడు కూడా లేదు.

ఉట్నూరు అవతలి గోండు గూడేల పిల్లలు. ఆశ్రమ పాఠశాలలో పదో తరగతి చదువుతున్నారు. పదో తరగతి తర్వాత ఏమేం చదవొచ్చో, ఏమేం ఉద్యోగాలు చేయొచ్చో రెండు రోజుల్లో వాళ్ళకు చూపించే బాధ్యతను ఒక స్వచ్ఛంద సంస్థ నాకు అప్పగించింది. నేను చేసే ఉద్యోగం ఏమిటో మా ఇంట్లోవాళ్ళకు చెప్పడానికే నాకు ఇరవై ఏళ్ళు చాలలేదు కాబట్టి, ఈ పనికి నాకంటే అనుభవజ్ఞుడు దొరకడనిపించింది.

పిల్లల వెంట వార్డెన్ మేడమ్ వచ్చింది. ఇంకొకాయన కూడా వచ్చాడు, తలకు తెల్ల రుమాలు, భుజాన కంబళి. పిల్లల్లో ఒకమ్మాయి తండ్రి. మిగతా తల్లిదండ్రులెవరూ రాలేదు, ఈయనెందుకు వచ్చాడో వార్డెన్ మేడమ్ చాయ్ తాగుతూ చెప్పింది. ఆ అమ్మాయికి ఇంటర్‌లో ల్యాబ్ టెక్నీషియన్ కోర్సు చేయాలనుంది. అది వాళ్ళ దిక్కు లేదు, ఇక్కడుంది, హాస్టల్ కూడా ఉంది. తండ్రి ఔనంటే జూన్‌లో చేరుతుంది. కాదంటే పదితోనే చదువు ఆగుతుంది. చూసి చెప్తానని ఆయన రైలెక్కాడు.

నేను వెంటనే పనిలోకి దిగాను. హాస్టల్‌కు ఎత్తైన గోడలున్నాయని, గేటు దగ్గర కెమెరా ఉందని, వేలిముద్ర పెట్టందే బయటికి పంపరని చెప్పాను. ఆయన శ్రద్ధగా విన్నాడు.

"గోడలున్నయి, బాగనే ఉంది," అన్నాడు. "మనోళ్ళెవలున్నరు సారు?"

"అక్కడా ఒక వార్డెన్ ఉంటుందన్నా."

"ఆమె ఎవలకేమైతది?"

నేను బస్సు వచ్చిందేమో చూడ్డానికి వెళ్ళాను.

బస్సులో ఆ అమ్మాయి నా వెనక సీట్లో కూర్చుంది. ఆ కోర్సే ఎందుకని అడిగాను. కిటికీ అద్దం మీది ఆవిరిని వేలితో గీస్తూ చెప్పింది. "మా దిక్కు జరమొస్తె రక్తం చుక్క తీస్కపోతరు సార్. చీటీ వచ్చేసరికి జరమన్న పోతది, మనిషన్న పోతడు." ఆ మాట అని మళ్ళీ కిటికీలోకి చూసింది. బయట చెట్లు, గోడలు, స్కూలు పిల్లల రిక్షాలు మంచులో ఒకదాని తర్వాత ఒకటి తేలిపోతున్నాయి. పాతికమందిలో సగం మంది ఒకరి భుజం మీద ఒకరు నిద్రపోయారు. ఆ బస్సు ఎక్కడా ఆగకుండా అలా పోతూనే ఉంటే, ఆ రోజు ఎవరూ ఏదీ నిర్ణయించుకోనక్కర్లేదు కదా అనిపించింది.

కానీ బస్సు సైనిక్‌పురిలో ఆగింది. అక్కడ ఒక చిన్న హాల్లో రిటైరైన సైనికాధికారి మా కోసం ఎదురుచూస్తున్నాడు. ఆయన మంచివాడు. సైన్యంలో ఆడపిల్లలకున్న ఉద్యోగాల గురించి గంటసేపు చెప్పాడు. పిల్లలు రెప్ప వేయకుండా విన్నారు. అడగాల్సినవేమైనా ఉంటే అడగమన్నాడు. ఎవరూ నోరు విప్పలేదు. సిగ్గుపడొద్దన్నాడు. బయట ఎవరో కారు కడుగుతున్న నీళ్ళ చప్పుడు వినపడింది.

చివరికి ముందు వరసలో ఒక పిల్ల లేచింది. "మీరు ఎన్ని దేవుళ్ళోళ్ళు సార్?"

ఆయన యుద్ధాలు చూసిన మనిషి, ప్రశ్నకు తడబడేవాడు కాదు. "పూజగదిలో థర్టీ ప్లస్ ఉంటరు తల్లీ. లెక్క మా మేడమ్ దగ్గరుంటది."

పిల్లలు ఒకరి ముఖాలు ఒకరు చూసుకున్నారు. ఆ చూపులో జాలి కనిపించింది. తర్వాత ఒక్కరూ ఏమీ అడగలేదు.

మళ్ళీ బస్సెక్కాక తండ్రి పక్కన కూర్చుని, ఆ ప్రశ్నేమిటని అడిగాను. ఇంత వయసొచ్చినా నాకది తెలియనందుకు ఆయనేం ఆశ్చర్యపోలేదు. ఓపికగా చెప్పాడు. గోండుల్లో నాలుగు దేవుళ్ళవాళ్ళు, ఐదు దేవుళ్ళవాళ్ళు, ఆరువాళ్ళు, ఏడువాళ్ళు ఉంటారు. కొత్త మనిషి ఎదురైతే ముందు ఆ సంగతి కనుక్కుంటారు. లెక్క కలిస్తే అన్నదమ్ములు, అక్కచెల్లెళ్ళు. కలవకపోతే పిల్లనిచ్చి పుచ్చుకునే వాళ్ళు, అంటే బావలు, వదినలు. "వరస తెల్వకుంటె ఏమని పిలుస్తం? పిలువకుంటె ఏమడుగుతం?"

"సార్ అని పిలవొచ్చు కదన్నా."

"సారు అంటె వరస గాదు గద సారు."

అది నన్ను ఉద్దేశించి అన్నది కాదనే అనుకున్నాను.

నేరేడ్‌మెట్‌లో మేం వెళ్ళిన చోటు ఒక చిన్న ఆసుపత్రి. దాని వెనక గదిలో ల్యాబు. అక్కడి టెక్నీషియన్‌కు ముప్పై లోపే ఉంటాయి. తెల్ల కోటు మీదుగా తల చుట్టూ ఆకుపచ్చ స్కార్ఫు. పుట్టిల్లు సిద్దిపేట అట, మాటలో తెలుస్తూనే ఉంది. పిల్లలను గోడవారగా నిలబెట్టి, సీసాలు చూపించి, రక్తాన్ని గాజుపలక మీద పూతలా ఎలా పరుస్తారో చేసి చూపించింది. తర్వాత, "అడుగుర్రి, ఏమన్న అడుగుర్రి," అంది.

పిల్లలు గోడకు ఇంకాస్త ఆనుకున్నారు. ఆమె నావైపు చూసింది. నేను పైకప్పు వైపు చూశాను.

అప్పుడా అమ్మాయి, బస్సులో నా వెనక కూర్చున్న అమ్మాయే, ఒక అడుగు ముందుకు వేసింది. "మీరు ఎన్ని దేవుళ్ళోళ్ళు?"

నేను కల్పించుకుని సర్దిచెప్పబోయాను. నాకంటే ముందే టెక్నీషియన్ చేతులకున్న గ్లవ్స్ తీస్తూ తాపీగా చెప్పేసింది. "మాకు ఒక్కడే."

పిల్లలంతా ఒకచోట మూగి గోండీలో గుసగుసగా చర్చ మొదలుపెట్టారు. నాలుగున్నాయి, ఐదున్నాయి, ఆరూ ఏడూ ఉన్నాయి, ఒకటి ఎవరూ వినలేదు. ఒక పిల్ల వేళ్ళు లెక్కపెట్టింది. ఇంకో పిల్ల తల అడ్డంగా ఊపింది. చివరికి ఆ అమ్మాయి తండ్రి వైపు చూస్తే, ఆయన గడ్డం నిమురుకుని ఒక మాట అన్నాడు. గుంపు విడిపోయింది.

"నీ లెక్క మాలోన ఎవ్వలకు కలుస్తలేదు," అంది అమ్మాయి. "అంటె అందరికి వదినవే."

"వదిననా?" టెక్నీషియన్ నవ్వింది. "మా ఇంట్ల భాభీ అంటరు. మీరేదన్నా పలుకుత."

ఆ తర్వాత నేను చేయాల్సిన పనేం మిగల్లేదు.

"వదినా, రక్తం జూస్తె నీకు కండ్లు తిరగవా?"

"షురూల తిరిగినయి. జీతమొచ్చినంక ఆగినయి."

"వదినా, నువ్వు ఇంటర్ల ఫెయిలయినవా?"

"ఒక్క సబ్జెక్టు. ఎవలు జెప్పిండ్రే నీకు?"

"ఎవలు జెప్పలే. ఊకె అడిగిన."

"వదినా, మా అన్నకు పెండ్లి గాలేదు, జూస్తవా?"

"మా ఇంట్ల మీ భాయిజాన్ ఉన్నడు, అడిగి చెప్త ఆగు."

వదినతో పరాచికాలాడటం హక్కే కదా. పొద్దుటి నుంచి గొంతులు లేనివాళ్ళనుకున్న పిల్లలు ఆ గదిని నింపేశారు. మధ్యలో, కోర్సెన్నేళ్ళు, ఏ మార్కులు కావాలి, సెలవులెన్ని, పల్లెలో ఉద్యోగం దొరుకుతుందా అన్నీ అడిగేశారు.

ఆ అమ్మాయి సూక్ష్మదర్శినిలోకి వంగింది. చాలాసేపు లేవలేదు. తర్వాత నన్నూ చూడనిచ్చారు. లేత గులాబీ రంగు దీవులు వెలుతురులో తేలుతున్నాయి, ఒడ్డు లేని చెరువేదో పై నుంచి చూస్తున్నట్టుంది. ఒక దీవిలో చిన్న ఊదారంగు ఉంగరం, ఎవరో స్నానానికి దిగి మరచిపోయినట్టు. మలేరియా అది. అందులోకి చూస్తూ ఉంటే గది, పిల్లల మాటలు, నేరేడ్‌మెట్, అన్నీ ఎక్కడో దూరంగా జరిగిపోయాయి.

"గిదేనా వదినా, మా ఊర్లె మనుషులను వణికించేది?"

"గిదే."

"గింత మంచిగుందేంది?" అంది అమ్మాయి, కాస్త కోపంగా.

తండ్రి అప్పటిదాకా గుమ్మం దగ్గరే నిలబడి ఉన్నాడు. ఇప్పుడు లోపలికి వచ్చాడు. కూతురి వరసను బట్టి టెక్నీషియన్ ఆయనకు కోడలవుతుంది. కోడలితో పరాచికం పనికిరాదు. ఆయన రుమాలు సర్దుకుని, ఆమె వైపు కాకుండా బల్ల వైపు చూస్తూ మాట్లాడాడు.

"మా పిల్ల ఈడ సదువుతా అంటుంది. జరమొస్తె ఎవలు జూస్తరు?"

"నేనుంట గద మామా."

ఆ మాట ఎంత సులువుగా వచ్చిందంటే నాకు భయమేసింది. ఆమె సరదాకు అంటోంది, ఆయన సరదాకు అడగడం లేదు. ఆమెను పక్కకు పిలిచి సంగతి చెప్పాలనుకున్నాను. అంతలో ఆయనే చెప్పాడు. "వరస అంటె అయిందంటె అయినట్టే. మంచికి రావాలె, చెడ్డకు రావాలె. మా ఊరు దూరం."

ఆమె నవ్వు ఆపింది. అమ్మాయి సూక్ష్మదర్శిని మీద చెయ్యి వేసి, తీయకుండా నిలబడింది.  టెక్నీషియన్ నిజంగానే ఆలోచించింది, గోడ మీది క్యాలెండరు వైపు కూడా చూసింది.

"లీవ్ పెట్టాలె," అంది. "పెడత."

ఆయన తలూపాడు. "ఇల్లేడ?"

ఆసుపత్రి వెనక సందులోనే. మేమంతా వెళ్ళాం. రెండు గదుల ఇల్లు, తీగ మీద ఆరేసిన చిన్నపిల్లల బట్టలు, బియ్యం చెరుగుతున్న అత్తగారు. పాతికమంది ఆడపిల్లలు, వార్డెన్, కంబళి కప్పుకున్న ఆసామి, నేను గుమ్మంలో నిలబడితే ఆవిడ చేట కింద పెట్టి, కోడలిని "క్యా హువా?" అని మాత్రం అడిగింది. "చుట్టాలత్తమ్మా," అంది కోడలు. ఆవిడ మమ్మల్ని ఒకసారి కలయజూసి, ఇంట్లో ఉన్న గ్లాసులన్నీ తీసుకురావడానికి లోపలికి వెళ్ళింది.

గ్లాసులు చాలలేదు. మూడు విడతలుగా తాగాం. ఎండ అప్పుడే సందులోకి దిగుతోంది, పిల్లలు అరుగు మీద, మెట్ల మీద, పక్కింటి గోడ మీద కూర్చుని గ్లాసుల కోసం ఆగుతున్నారు. ఎవరికీ తొందర ఉన్నట్టు లేదు. తండ్రి అందరికంటే చివర తాగాడు. గ్లాసు ఖాళీ చేసి, మూతి తుడుచుకుని, కూతురితో గోండీలో ఏదో అన్నాడు. అమ్మాయి ఉన్నచోటే గొంతుక్కూర్చుండిపోయి రెండు చేతులతో ముఖం మూసుకుంది.

పక్కనున్న పిల్లను అడిగాను. "ఏమన్నాడమ్మా?"

"బట్టలకు రేకు పెట్టె కావాలె గద, ఈడనే కొందమా, ఊర్ల కొందమా అంటుండు."

"రెజిమెంటల్ బజార్ల అగ్గువకు దొరుకుతయి మామా," అంది టెక్నీషియన్. "తాళం మాత్రం మంచిది చూడుర్రి."