జీపు వెనక మూల మీద పడిన బరువు

నేను మూడో తరగతి దాకానే చదివాను. దయ్యాలను నమ్మను. పని లేని వాళ్లకే అవి కనబడతాయని నా పిల్లలకు చెప్పేదాన్ని, ఇప్పటికీ అదే చెబుతాను. అయినా ఇది దయ్యం సంగతి అనడానికి లేదు. ఎందుకంటే అప్పటికి మా ఆయన బతికే ఉన్నాడు.

అరవై తొమ్మిదిలో తెలంగాణ కోసం జరిగిన గొడవలు సద్దుమణిగిన నాలుగైదేళ్లకు మేం భూపాలపల్లిలో ఉన్నాం. మిలిటరీ వాళ్లు అమ్మేసిన పాత జీపు ఒకటి మాకు అన్నం పెట్టేది. బస్సులు పోని అడవి ఊళ్లకు మనుషులను, మిర్చి బస్తాలను చేరవేసేవాళ్లం. మా మరిది సమ్మయ్య నడిపేవాడు, మా ఆయన వెనక నిలబడేవాడు.

నాలుగు చక్రాలూ లాగే బండి అయినా, గుంతల్లో చక్రం గాల్లోకి లేచిందంటే ఉత్తగా తిరుగుతుంది, బండి కదలదు. అప్పుడు మా ఆయన లేచిన మూల మీదికి ఎక్కి తన బరువంతా వేసి, రేకు మీద అరచేత్తో రెండు దెబ్బలు కొట్టేవాడు. ఆ చప్పుడు వినగానే సమ్మయ్య క్లచ్చి వదలాలి. అన్నదమ్ముల మధ్య అంతకు మించి మాటలుండేవి కావు.

ఒక వానాకాలం మా ఆయన కాలు విరిగి, కట్టుతో మంచం పట్టాడు. నాలుగు బస్తాలు ఎక్కువ వేస్తే ఇల్లు గడుస్తుందని నాకు తోచింది. ఆ బరువుకు జీపు కుంగకుండా, చక్రాల మీద బరువు మోసే ఇనుప పట్టీల కట్టల్లో, కమాన్లంటారు వాటిని, పాత లారీ పట్టీలు రెండేసి ఎక్కించాను. ఆయనకు చెప్పలేదు.

తెలిశాక మంచం మీది నుంచే అరిచాడు. "అక్కెరకు రాని తెలివి జేస్తివి గదనే! కమాను వంగితెనే చక్రం నేలను పట్టుకుంటది. రేపు నీ జీపు కుక్క లెక్క కాలెత్తుతది, సూడు."

"వంగేది విరుగుతది. గట్టిగుంటెనే పది కాలాలు ఉంటది" అన్నాను. మనుషుల విషయంలోనూ నా లెక్క అప్పట్లో అదే.

వారం తిరగకముందే, ఒక మధ్యాహ్నం చేనులో మా బిడ్డ సరోజను పాము కరిచింది. తొమ్మిదేళ్ల పిల్ల. పరకాల దవాఖానకు తీసుకుపోవాలి. మా ఆయన మంచం దిగబోయి కింద పడ్డాడు. మా అత్త ఆయనను పట్టుకుంది. నేను పిల్లను ఒళ్లో వేసుకుని సమ్మయ్య పక్కన కూర్చున్నాను. వెనక ఎవరూ లేరు.

వాగు దాటి ఒడ్డు ఎక్కుతుంటే ముందు కుడి చక్రం, వెనక ఎడమ చక్రం గాల్లోకి లేచాయి. ఖాళీ బండి, గట్టి కమాన్లు. వంగమంటే ఎట్లా వంగుతాయి? సమ్మయ్య నాలుగు చక్రాల గేరు వేసినా లేచిన రెండూ గిర్రున తిరిగాయే తప్ప బండి కదలలేదు.

"వదినా, ఎనుక మూలకు ఎక్కి నిలవడు!"

పిల్లను సీటు మీద పడుకోబెట్టి ఎక్కాను. నేను ఎండుకట్టె లాంటి మనిషిని, చక్రం నేలకు తాకలేదు. పిల్ల కళ్లు మూతలు పడుతున్నాయి. మళ్లీ ముందుకు పరుగెత్తి ఒళ్లోకి తీసుకున్నాను. "పండుకోకు బిడ్డా, నన్ను సూడు" అంటున్నాను.

అప్పుడు జీపు వెనక ఎడమ మూల మెల్లగా కిందికి దిగింది. బరువైన మనిషి ఎక్కితే దిగినట్టే దిగింది. రేకు మీద రెండు దెబ్బలు వినబడ్డాయి. సమ్మయ్య బిగుసుకుపోయాడు. మళ్లీ రెండు దెబ్బలు, ఈసారి గట్టిగా. క్లచ్చి వదిలాడు. చక్రం నేలను కరిచింది, జీపు ఒడ్డెక్కింది.

నా రెండు చేతులూ పిల్ల చుట్టూనే ఉన్నాయి. తిరిగి చూస్తే తడి ఇసుక, వాగు, అంతే.

చక్రం కింది మట్టి కుంగి ఉంటుందని నాకు నేనే చెప్పుకున్నాను. అదే నిజం కావచ్చు కూడా. కానీ ఆ చప్పుడు నేనూ విన్నాను, సమ్మయ్యా విన్నాడు.

పిల్ల బతికింది. మూడో రోజు ఇంటికి వచ్చాం. వాగు దగ్గర జరిగింది మేం ఎవరికీ చెప్పలేదు. మా ఆయన సరోజను దగ్గరికి లాక్కుని తల తడిమాడు, కాలు తడిమాడు. ఆ తర్వాత తమ్ముడి వైపు తిరిగాడు.

"ఏందిరా, ఒక్కసారి కొడితె ఇనవడదా నీకు? మల్ల కొట్టాల్నా?"

సమ్మయ్య నా వైపు ఒకసారి చూశాడు. "యాడ కొట్టినవే అన్నా?" అన్నాడు.

మా ఆయన తన అరచెయ్యి తిప్పి చూసుకున్నాడు. "ఏమోరా. నోట్లకెల్లి అట్ల వచ్చింది" అన్నాడు.

మేం పోయాక ఆ మధ్యాహ్నమంతా ఆయన మంచం మీదే ఉన్నాడని మా అత్త చెప్పింది. నా వంట గురించి తప్ప ఆమె అబద్ధమాడగా నేను వినలేదు.

మర్నాడే ఆ పట్టీలు తీయించాను. సాయంత్రం కోడిని కోసి కూర వండాను. పండుగ కాని రోజున నా ఇంట్లో కోడి తెగడం అదే మొదలు. ఎందుకని ఆయన అడగలేదు. మారు వడ్డించుకుని తిన్నాడు. అడిగి ఉంటే ఏం చెప్పేదాన్నో, నాకు ఇప్పటికీ తెలియదు.