మేడమ్ కత్తిరించని మౌనం

వానాకాలంలో చుట్టిపెట్టిన తుంగచాపలు విప్పితే ఒక ముక్కిన వాసన వస్తుంది. నిన్న నా దగ్గర శిక్షణకు వచ్చినవాళ్ళు హాల్లో చాపలు పరుస్తుంటే ఆ వాసన తగిలి నా చెవులు వేడెక్కాయి. ముందు చెవులు, తర్వాత మెడ. ఇన్నేళ్ళయినా సిగ్గు నాకు ఆ దారినే వస్తుంది. దాని వెంటే ఎస్తేరు మేడమ్ గుర్తుకొచ్చారు.

ఆవిడది నౌపడ. మిషన్ చర్చి పక్కింట్లో పెరిగి, విశాఖపట్నంలో చాలాకాలం మానసిక చికిత్స చేసి, శ్రీకాకుళం వచ్చి ఒక మేడమీద రెండు గదులు అద్దెకు తీసుకున్నారు. మనసులో బాధతో పోట్లాడకుండా, దాన్ని గమనిస్తూనే మన బతుకు మనం బతకడం నేర్పే చికిత్స ఆవిడది. దాని పుస్తకాలన్నీ ఇంగ్లీషులో ఉండేవి. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో కౌన్సిలర్లుగా పనిచేసే మాలాంటివాళ్ళకు అవి కొరుకుడుపడేవి కావు. అందరి చేతుల్లోకీ అప్పుడప్పుడే స్మార్ట్‌ఫోన్లు వస్తున్న రోజులు. ఆవిడ తెలుగులో పాఠాలు తయారుచేసి, సాధనలు ఫోన్‌లో రికార్డు చేసి మాకు పంచేవారు.

ఒక్కో ఇంగ్లీషు మాటకు తెలుగు వెతుకుతూ అందరం పూటంతా ఆగిపోయేవాళ్ళం. ‘యాక్సెప్టెన్స్’ అన్నదానికి నేను ‘సర్దుకుపోవడం’ అని రాశాను. ఆవిడ కొట్టేశారు. మన దగ్గరికి వచ్చే ఆడవాళ్ళు పుట్టినప్పటినుంచీ వింటున్నది ఆ మాటే, మనమూ అదే చెబితే ఇంకెక్కడికి పోతారని అడిగారు. ‘ఒప్పుకోవడం’ అంటే నేరం ఒప్పుకున్నట్టుందన్నారు. చివరికి ‘చోటివ్వడం’ అని పెట్టుకున్నాం. వచ్చిన బాధను తరిమేయకుండా, కాస్త జరిగి దానికి చోటివ్వడం. అందరూ బాగుందన్నారు. నాకు మాత్రం అప్పటికి అది ఒక మాట, అంతే.

మాది నరసన్నపేట దగ్గర పల్లె, వరి పండించే ఇల్లు. నేను బడికి వెళ్ళే రోజుల్లోనే నాన్నకు మతి చలించింది. గాలితో మాట్లాడేవాడు. పంచె జారినా తెలిసేది కాదు. ఊళ్ళో నన్ను పేరుపెట్టి పిలిచేవాళ్ళు తక్కువ; ‘పిచ్చోడి కూతురు’ అంటే చాలు. నేను సైకాలజీ చదివింది ఆయన కోసమేనని తోటివాళ్ళెవరికీ తెలియదు. మేడమ్‌కు కూడా.

ఒక సాధనలో, మనల్ని బాగా కాల్చిన మాట ఉత్త శబ్దంగా మిగిలేదాకా పదేపదే పైకి అనాలి. అందరూ తమ తమ మాటలు అన్నారు. నా వంతు వచ్చేసరికి నోరు పెగల్లేదు. మేడమ్ బలవంతం చేయలేదు. “ఉండనీ. అదెక్కడికీ పోదు, నువ్వూ ఎక్కడికీ పోవు,” అని పక్కనున్న అమ్మాయి వైపు తిరిగారు.

కొన్నాళ్ళకు నా చేత మొదటిసారి సాధన నడిపించారు. అందరూ కళ్ళు మూసుకుని చాపల మీద కూర్చున్నారు. ఫోన్ రికార్డు చేస్తోంది. ఊపిరి వచ్చి పోవడం గమనించమని నేను చెబుతుండగా తలుపు దగ్గర అలికిడి అయింది. చూస్తే నాన్న. మందుల కోసం అమ్మ ఆయన్ని పెద్దాసుపత్రికి తీసుకొచ్చేది. ఆ రోజు ఆమె వరుసలో నిలబడి ఉండగా తప్పించుకున్నాడు. అంతకుముందెప్పుడో నేను వీధిలోంచి చూపించిన మేడను గుర్తుపట్టి వచ్చేశాడు. చొక్కాకు గుండీలు లేవు. ఒక కాలికే చెప్పు ఉంది.

“ఏటి బుజ్జీ, అందరూ కూకోనే నిద్దరోతన్నారు?” అన్నాడు.

ఎవరో కిసుక్కున నవ్వారు. చెవులు, మెడ, వీపు మండిపోయాయి. ఆ చాప కింద దూరిపోవాలనిపించింది. మేడమ్ కళ్ళు తెరవకుండానే, ఒక గొంతు వినిపిస్తోంది, విననివ్వండి అని అందరికీ చెప్పారు. తర్వాత మెల్లగా నన్ను అడిగారు.

“ఎవరమ్మా ఆయన?”

‘ఎవరో పేషెంటు’ అన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. ఎంతసేపు ఊరుకున్నానో తెలియదు. ఆవిడ మళ్ళీ అడగలేదు.

“మా నాయన,” అన్నాను.

మేడమ్ తన చాప మీద పక్కకు జరిగారు. “రా అన్నయ్యా, ఈడ కూకో. బుజ్జి ఏటి సెప్తాదో ఇందుము.” నాన్న ఆవిడ పక్కన బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు. నేను మళ్ళీ ఊపిరి దగ్గర మొదలుపెట్టాను.

కాసేపటికి అమ్మ వెతుక్కుంటూ వచ్చి ఆయన్ని తీసుకెళ్ళింది. అందరూ వెళ్ళాక మేడమ్ ముందు ఏడ్చాను. ఇంత చదివినా సిగ్గు పోలేదని, ఆయన్ని ఎవరోనని చెప్పబోయానని చెప్పాను.

“పోతాదని నేనెప్పుడు సెప్పేను?” అన్నారావిడ. “అది అక్కడుండగానే నాయన అన్నావు. మన పని అంతవరకే.”

ఆ రికార్డును కొత్తగా నేర్చుకునేవాళ్ళకు పాఠంగా పెట్టవచ్చా అని అడిగారు. మా ఇంట్లో ఇష్టమైతేనే, కాదంటే అప్పుడే చెరిపేస్తానన్నారు. ఆ రికార్డు చాలాకాలం నా ఫోన్‌లోనే ఉండిపోయింది. చివరికి ఇంట్లో వినిపించాను. అమ్మ కళ్ళు తుడుచుకుంది. నాన్న తన గొంతు విని మురిసిపోయి, అందరికీ వినిపించమన్నాడు. నేను సరేనన్నాను, ఒక్క షరతు మీద: జవాబు చెప్పేముందు నేను ఊరుకున్న ఆ కాస్తా కత్తిరించేయాలి. మేడమ్ తల అడ్డంగా ఊపారు. కావాలంటే మిగతాదంతా తీసేద్దామని, పాఠం అక్కడే ఉందని అన్నారు.

ఇప్పుడు మేడమ్ లేరు, నాన్న లేడు. ఆ పాఠం నేనే వినిపిస్తుంటాను. ఆవిడ ప్రశ్నకూ నా జవాబుకూ మధ్య ఫ్యాను చప్పుడు ఒక్కటే ఉంటుంది. ఆ కాసేపూ కన్నతండ్రిని కాదనబోతున్న కూతుర్ని నేను. అక్కడికి వచ్చేసరికి ఇప్పటికీ తల ఎత్తి ఎవరినీ చూడలేను. నిన్న ఒక అమ్మాయి రికార్డు ఆగిపోయిందనుకుని ఫోన్ అందుకోబోయింది.

“ఉండమ్మా,” అన్నాను. “సెప్తాది.”